ఊరికే కూసోబెట్టే మేడం

కరీంనగర్ శివారులోని ఆ ప్రైవేటు క్లబ్బు ఈతకొలనులో లిడియాను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. “ఊరికే కూసోబెట్టే మేడం ఏ దిక్కున్నది?” అని అడిగితే, గేటు దగ్గరి కాపలాదారు కూడా తల ఎత్తకుండానే చివరి లేన్ వైపు చెయ్యి చూపించేవాడు. ఆ పేరు పెట్టింది పిల్లలు కాదు. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకొని, తమ పిల్లలు నీళ్ళలో ఎంతసేపున్నారో కళ్ళతోనే కొలుచుకుంటూ కూర్చునే తల్లిదండ్రులు.

వాళ్ళ ఫిర్యాదుకు ఆధారం లేదనడానికి వీల్లేదు. మిగతా లేన్లన్నింటిలో ప్రధాన శిక్షకుడు ఓంప్రకాశ్ పిల్లలు గానుగెద్దుల్లా ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూనే ఉండేవాళ్ళు. ఆయన ఈల ఆగేది కాదు, వాళ్ళ చేతులు ఆగేవి కావు. లిడియా లేన్ మాత్రం చాలాసేపు ఖాళీగా, ఆకాశాన్ని చూస్తూ పడి ఉండేది. ఆమె పిల్లలు తువ్వాళ్ళు కప్పుకొని గట్టు మీద ఎండలో కూర్చునేవాళ్ళు. ఉన్నట్టుండి ఒకరు లేచేవారు. దిమ్మె ఎక్కి, నీళ్ళలోకి దూకి, వెనక మొసలి తరుముతున్నట్టు కొలను సగం దాకా ఈది, పైకెక్కి, మళ్ళీ తువ్వాల కప్పుకొని కూర్చునేవారు. అంతే.

“మా పిలగాడు నీళ్ళల్లకంటె ఎండల్నే ఎక్కువుంటుండు మేడం,” అని ఒక తల్లి అందరికీ వినబడేట్టు అన్నది. “గీ కూసునుడేదో ఇంట్ల సోఫాల కూసోడా? వడియాలు ఎండబెట్టినట్టు ఎండబెడుతున్నరు.”

కుర్చీలన్నీ నవ్వాయి. లిడియా నవ్వలేదు. నవ్వి ఊరుకోవడం ఆమెకు చేతకాని విద్యల్లో మొదటిది.

“అక్కా, మీవాడు ఈదేది యాభై మీటర్లు. ఊపిరి తీసి ఇడిసేలోపట అయిపోతది. గా దానికి పొద్దుందాక మెల్లగ ఈదిపిస్తే వాని పెయ్యి మెల్లగ ఈదుడే నేర్చుకుంటది. నూరు మీటర్లు ఉరికేటోన్ని ఎవరన్న వేములవాడ దాక నడిపిచ్చి తయారు చేస్తరా?”

“వేములవాడకు నడిస్తె పుణ్యమన్న వస్తది,” అన్నది ఆ తల్లి.

లిడియా చేస్తున్న పనిలో మర్మమేమీ లేదు. పొట్టి దూరాలు పరుగెత్తేవాళ్ళు రోజంతా పరుగెత్తరు. కొద్దిసార్లు, ఉన్న బలమంతా పెట్టి పరుగెత్తుతారు. మధ్యలో ఒంటి బడలిక పూర్తిగా తీరేదాకా ఆగుతారు. వేగం తగ్గిన క్షణాన ఆ రోజుకు సాధన ముగుస్తుంది. ఆ నియమాన్ని ఆమె నీళ్ళలోకి తెచ్చింది. గుడ్డిగా తేలేదు. మొదటి చలికాలంలో పిల్లలను నీళ్ళలోనే గోడ పట్టించి నిలబెట్టి విశ్రాంతి ఇచ్చింది. పెదవులు నల్లబడి, ఒళ్ళు బిగుసుకుపోయి, రెండో దూకు మొదటిదానికన్నా అధ్వాన్నంగా వచ్చింది. అప్పటి నుంచే ఈ ఎండ, ఈ తువ్వాళ్ళు. ఇంకొకటి కూడా తెలుసుకుంది. నేలను తన్నితే నేల తిరిగి తోస్తుంది, నీళ్ళను తన్నితే నీళ్ళు తప్పుకుంటాయి. కాబట్టి నీటి పట్టు చేతికి తెలియడానికి కొంతసేపు తీరికగా, ఆటలా ఈదనిచ్చేది. అలసట మాత్రం ఆమె లేన్‌లోకి అడుగు పెట్టకూడదు.

ఓంప్రకాశ్‌కు ఇదంతా అపచారంగా కనిపించేది. ఆయన వయసులో ఉన్నప్పుడు చెరువులు, జలాశయాలు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదినవాడు. భుజాలు అరిగిపోయి ఇప్పుడు చెయ్యి తలపైకి లేవకపోయినా, ఆ అరుగుదలనే ఆయన పతకంలా చూపించుకునేవాడు. “చెమట రాని చదువు, అలుపు రాని ఈత ఎందుకూ పనికి రావు లిడియా,” అనేవాడు. ఆయనలో ద్వేషం లేదు. పిల్లలకు జ్వరమొస్తే తన బండి మీద ఆస్పత్రికి తీసుకుపోయేవాడు కూడా. అదే చిక్కు. దుర్మార్గుడు చేసిన హానికి సాక్షులు దొరుకుతారు, మంచివాడు చేసిన హానికి దొరకరు.

ఇంత కోపం ఎక్కడిదని అడిగితే, లిడియా తన ఎడమ తొడను చూపించవచ్చు.

ఆమె పుట్టింది నస్పూర్‌లో. తండ్రి తోమాసు బొగ్గు గనిలో టబ్బులు నింపే కార్మికుడు. ఎన్ని టబ్బులు నిండితే అంత కూలి. ఆదివారం ప్రార్థన ముగిశాక, చర్చి మెట్ల మీది నుంచి ఇంటి గడప దాకా ఒక్క ఉరుకున పోవడం ఆ పిల్లకు ఆట. ఆ ఉరుకు చూసి ఎవరో చెప్తే క్రీడా హాస్టల్లో చేర్చారు. అక్కడ మమతారాణి అనే శిక్షకురాలు ఆమెకు పరుగు నేర్పింది, అంతకన్నా ముఖ్యంగా ఆగడం నేర్పింది. “చిరుత పొద్దంత ఉరుకుతదా? పొదల పండుకుంటది. లేసినప్పుడు మాత్రం ఇగ సూడు,” అనేది.

రాష్ట్రస్థాయి నూరు మీటర్ల పోటీ ముందురోజు మమతారాణి ఊళ్ళో లేదు. దూరపు పరుగు పరుగెత్తవలసిన పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. షీల్డు గెలవాలంటే హాస్టల్‌కు పాయింట్లు కావాలి. అధికారి లిడియాను పిలిచి, గుట్టల మీది పరుగుకు దిగమన్నాడు. ఆమె దిగనన్నది. ఆ రోజే బిడ్డను చూడటానికి జామపండ్ల సంచితో వచ్చిన తోమాసు వైపు అధికారి తిరిగాడు. తోమాసు భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. “సార్ చెప్పినంక ఉరుకాలె బిడ్డా,” అన్నాడు.

ఆమె ఉరికింది. మర్నాడు నూరు మీటర్ల పోటీలో, సగం దూరం దాటక ముందే, తొడ వెనక కండరం తెగిన చప్పుడు ఆమెకు చెవులతో వినిపించింది. పట్టుదల లేక పడిపోయిందని అధికారి రాయించాడు. పెద్దలు పిల్లల ఒళ్ళ మీద చేసే ఇటువంటి పనులకు శిక్షాస్మృతిలో సెక్షను లేదు. ఉంటే ముద్దాయిల బోనులు చాలవు.

ఆ కాలును బాగు చేసుకోవడానికే లిడియా మొదటిసారి ఈతకొలనులోకి దిగింది. నీళ్ళలో నడిచింది, తర్వాత ఈదింది, తర్వాత ఆడవాళ్ళ బ్యాచికి నేర్పింది, చివరికి పిల్లల శిక్షకురాలైంది. ఓంప్రకాశ్ ఆమెకు ఇచ్చింది ఒక్క చివరి లేన్. పొట్టి దూరాల పిల్లలను ఆదిలాబాద్‌లో జరిగే ఎంపిక పోటీల దాకా తన పద్ధతిలో తయారు చేసుకోవచ్చన్నాడు. అక్కడ ఒక్కరూ రాష్ట్ర జట్టుకు ఎంపిక కాకపోతే లేన్ వాపసు.

ఆ ఒక్కరు ప్రవళిక కావాలని ఆ పిల్లను చూసిన రోజే లిడియా నిర్ణయించుకుంది.

ప్రవళిక కొత్తపల్లి అవతల సాంచాల మీద బట్ట నేసే అంతయ్య బిడ్డ. పవర్‌లూమును అక్కడ సాంచ అనే అంటారు. తొమ్మిదో తరగతి. బడి పోటీల్లో ఆ పిల్ల ఖోఖో ఆడుతుండగా లిడియా చూసింది. వీపు మీద చెయ్యి పడీ పడకముందే స్ప్రింగు వదిలినట్టు లేచే ఆ లేవడం చూసి, “ఈత వచ్చునా?” అని అడిగింది. “బాయిల ఈదుతం గదా మేడం,” అన్నది పిల్ల, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. సాంచాల వాడ నుంచి కొలనుకు రోజూ బస్సులో వచ్చేది. కొన్ని నెలల్లో, ఓంప్రకాశ్ లేన్లలో ఏళ్ళ తరబడి తిరిగిన పిల్లలు యాభై మీటర్లలో ఆమె పాదాలను చూస్తూ రావలసి వచ్చింది.

అప్పుడే, ఆదిలాబాద్ దగ్గర పడుతుండగా, ప్రవళిక నెమ్మదించింది.

మొదట దూకు బరువెక్కింది. తర్వాత చేతులు. ఎంతసేపు ఎండలో కూర్చోబెట్టినా ఆ పిల్ల భుజాలు వాలిపోయే ఉండేవి. లిడియా సాధన తగ్గించింది, ఇంకా తగ్గించింది. గడియారం కనికరించలేదు. ఓంప్రకాశ్ పక్క లేన్ నుంచి చూసి, “కూసోని కూసోని తుప్పు పట్టింది పొల్ల,” అన్నాడు.

ఆ మాట కాలుస్తుంటే, లిడియా ఆ మంటను తప్పు మనిషి మీద కుమ్మరించింది.

“ఏమైంది నీకు? ఒక్కటంటె ఒక్కటి సక్కగ కొట్టలేవా? పట్టుదల లేదు నీకు!”

ప్రవళిక తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. బస్సు వేళ కాగానే చెప్పులు వేసుకోవడానికి వంగింది. ఆ మడమ మీద, నీళ్ళతో కడిగినా పోని ఆకుపచ్చ మరక ఒకటి లిడియాకు కనిపించింది. మోకాళ్ళ మీద రాతికి గీసుకుపోయిన చెక్కులు. మందు కలిపిన కొలను నీళ్ళలో నాచు పుట్టదు, పలకలు పరచిన గోడకు మోకాలు అలా గీసుకోదు.

మర్నాడు పొద్దు పొడిచే వేళకు లిడియా కొత్తపల్లి దాటి సాంచాల వాడలో బస్సు దిగింది. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. సాంచాల చప్పుడులో బతికేవాళ్ళు బయట కూడా అరిచినట్టే మాట్లాడతారు. అంతయ్య ఎక్కడని అడిగితే, “బిడ్డకు ఈత ట్రేనింగిస్తుండు, బాయి కాడ!” అని గర్వంగా అరిచాడొకడు.

వ్యవసాయ బావి. రాతి మెట్లు, చలికాలపు నిండు నీళ్ళు. జుట్టులో నూలు ధూళితో, రాత్రంతా నిద్ర లేని కళ్ళతో అంతయ్య ఒడ్డున కూర్చుని ఉన్నాడు. ముందర రెండు గులకరాళ్ళ కుప్పలు. కింద ప్రవళిక గోడ వెంబడి చుట్టు తిరుగుతోంది. ఒక చుట్టు పూర్తయినప్పుడల్లా ఆయన ఈ కుప్పలోంచి ఒక రాయి తీసి ఆ కుప్పలో వేస్తున్నాడు. ఇంకా తరగని కుప్పే పెద్దది.

“మేడం!” అని లేచాడు. “గింత పొద్దుగాల వచ్చిన్రేంది? కూసోండ్రి, చాయ్ తెప్పిస్త.”

“ఏం చేపిస్తున్నవ్ అంతయ్యన్నా?”

“మీ తాన తక్కువ పడ్డది ఈడ పూర్తి చేపిస్తున్న,” అన్నాడు, మెచ్చుకుంటుందని ఎదురు చూస్తూ. “మీరు కూసోబెడుతున్నరని మిమ్ములనేమంటలేను మేడం. మీ బ్యాచిల పోరగాళ్ళు మస్తుమంది, అందరికి వంతు రావాలె గదా. నాకు సమజైంది. అందుకే పొద్దుగాల నేను పట్టుకున్న.”

లిడియా రాళ్ళ కుప్పల వైపు చూసింది. ఇన్ని నెలలు ఎందుకు కూర్చోబెడుతున్నదో ఈ మనిషికి ఎవరూ చెప్పలేదు. చోటు చాలక కూర్చోబెడుతున్నదని ఆయన తనకు తాను చెప్పుకొని, ఆమె పరువు కూడా కాపాడాడు.

“అన్నా, కూసునుడే ట్రైనింగు! ఆగకుంట ఈదితె పెయ్యి మొద్దువడుతది. సాంచనన్న పొద్దు మాపు నడిపితె మోటరు కాలిపోతది గదా!”

అంతయ్య నవ్వాడు. “మోటరా? మా సేటు సాంచాలు పొద్దు షిఫ్టు రాత్రి షిఫ్టు నడుస్తయి. మా నాయిన కాలం సంది నడుస్తున్నయి. ఒక్కటి కాలలే. సాంచ ముచ్చట నాకు చెప్పకుండ్రి మేడం. ఆగిన సాంచకు కూలెవడిస్తడు? మీటర్లు పడితేనే బువ్వ.”

“ఇది బట్ట కాదు, నీ బిడ్డ!”

“బిడ్డ గనుకనే రాత్రంత నిలవడి, పండుకోకుంట ఈడ కూసున్న! మీకు తెల్వదా నాకెంత ఫికరో?”

ఇద్దరి అరుపులూ బావి గోడలకు కొట్టుకొని తిరిగొస్తుండగా, ప్రవళిక మెట్లెక్కి వచ్చింది. నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు కొట్టుకుంటున్నాయి.

“ఇద్దరు ఆగుండ్రి!” అని అరిచింది. “బాపు కొట్టు కొట్టు అంటడు. ఈడ కొట్టి, పెయ్యంత పచ్చిపుండై అక్కడికొస్తె మేడం పట్టుదల లేదంటది. నా పెయ్యి గిది. నన్నెవ్వరన్న అడిగిన్రా? చేతులు లేస్తలేవు నాకు. జడ గూడ అవ్వనే ఏస్తున్నది, తెలుసా?”

అంతయ్య బిడ్డ జడ వైపు చూశాడు. రాత్రి సాంచాల దగ్గర, పగలు నిద్రలో ఉండే మనిషికి బిడ్డ జడ ఎవరు వేస్తున్నారో తెలిసే వీలు లేదు. “మరి నాకెందుకు చెప్పలే?” అన్నాడు, సగం కోపంగా.

“చెప్తె మొండికేసినవంటవు. మేడంకు చెప్తె బాపును తిడతది.”

హాస్టల్ అధికారి తన మీద మోపిన మాటనే తాను ఈ పిల్ల మీద మోపింది. అది లిడియాకు అప్పుడు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గలేదు, కాకపోతే ఈసారి దానికి సరైన చిరునామా దొరికింది, అది తానే.

“నేనన్న మాట తప్పు ప్రవళికా,” అన్నది. తర్వాత అంతయ్య వైపు తిరిగి, గొంతు తగ్గించకుండానే, “ఆదిలాబాద్ దాక ఈ బాయి బందు చెయ్యన్నా. అక్కడ పొల్ల ఓడితే నన్ను తెచ్చి ఈ బాయిలనే నూకెయ్యి,” అన్నది.

అంతయ్య ఆలోచించాడు. “గీ నీళ్ళు తాగుతం మేడం,” అన్నాడు. “ఆదిలాబాద్ దాక ఆగుత గని, మిమ్ములనైతె నూకెయ్య.”

బావి ఆగింది. వారం పాటు లిడియా ఆ పిల్లను నీళ్ళను ముట్టనివ్వలేదు. కొలను గట్టు మీద కుర్చీలకు నవ్వే పని పెరిగింది. తర్వాత ఒక మధ్యాహ్నం, ప్రవళిక దిమ్మె మీది నుంచి దూకి పైకి తేలేసరికి, పక్క లేన్ పిల్లలు ఈత ఆపి చూశారు. ఆ రోజు జడ తనే వేసుకొని వచ్చింది.

ఆదిలాబాద్‌లో చలి ఎముకల్లో దిగుతోంది. మార్కెట్ దారంతా పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. గాలికి లేచిన దూది పోగులు కొలను నీళ్ళ మీద కూడా తేలుతున్నాయి. క్లబ్బు పిల్లలందరినీ ఓంప్రకాశ్ పొద్దున్నే ఆ చన్నీళ్ళలో దింపి, “ఒళ్ళు వేడెక్కేదాక కొట్టుండ్రి,” అని ఈల వేశాడు. ప్రవళికను లిడియా దింపలేదు. గట్టు మీద గంతులు వేయించి, ఒళ్ళు వెచ్చబడ్డాక కూర్చోబెట్టింది. అంతయ్య ఇంటి నుంచి తెచ్చిన గొంగడి బిడ్డకు కప్పి, పక్కనే తానూ కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం ఆయనకు శిక్షలా ఉంది. వేళ్ళు నేల మీద రాళ్ళ కోసం వెతుకుతున్నాయి.

యాభై మీటర్ల తొలి వడపోతలో ప్రవళిక తన గుంపులో అందరికన్నా ముందు గోడ తాకింది. ఫైనల్ సాయంత్రం. మొదటి ఇద్దరు రాష్ట్ర జట్టుకు పోతారు.

మధ్యాహ్నం ఓంప్రకాశ్ వచ్చాడు. క్లబ్బు తరఫున నాలుగు వందల మీటర్లు ఈదవలసిన అమ్మాయికి జ్వరం. షీల్డుకు పాయింట్లు కావాలి.

“పొల్ల పేరు రాయించిన,” అన్నాడు. “నిర్వాహకులు ఒప్పుకున్నరు. లెవ్వమను.”

లిడియా ఎడమ తొడలో ఏదో గుంజినట్టయింది. “సాయంత్రం ఫైనలున్నది సార్.”

“తెలుసు. నేను గెలువమంటలేను, పూర్తి చేస్తె చాలు. వార్మప్ అయితది.”

“అది వార్మప్ కాదు సార్, ఫైనల్‌ను చంపుడు. పొల్లను అడిగిన్రా? రాయిచ్చే హక్కు మీకెవరిచ్చిన్రు?”

“క్లబ్బుల నేనే హక్కు, నేనే రూలు,” అన్నాడు ఓంప్రకాశ్. “ఒక్క పొల్ల మెడల్ కోసం అందరి షీల్డు పోవాల్నా? గిదేనా నువ్వు చెప్పే న్యాయం?”

“ఒకల్ల పెయ్యి విరగ్గొట్టి అందరు పంచుకునేదాన్ని న్యాయమనరు సార్!”

ఓంప్రకాశ్ ఆమెను దాటి అంతయ్య వైపు తిరిగాడు. గొంతు మెత్తబరిచాడు. “అంతయ్యా, నువ్వు పెద్దమనిషివి. నీ బిడ్డకు నీళ్ళిచ్చిన, జాగిచ్చిన. ఇయ్యాల క్లబ్బుకు అవసరం పడ్డది. జర చెప్పు బిడ్డకు.”

అంతయ్య లేచాడు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

లిడియా కళ్ళు మూసుకుంది. తరువాత ఏ వాక్యం వస్తుందో ఆమెకు తెలుసు. జామపండ్ల వాసనతో సహా తెలుసు.

“సార్,” అన్నాడు అంతయ్య, “మా తాన సాంచ మీదికి నూలు చుట్టిన కొత్త భీము ఎక్కిచ్చినప్పుడు పోగు పోగు ఏరుకొని అతుకుతరు. గప్పుడు సాంచ ఆగుతది. కూలి రాదు, అయినా ఎవ్వడు బటన్ ముట్టడు. ముడి పడకముందు నడిపిస్తె పోగులన్ని తెగుతయి, అతికేటోని ఏళ్ళు గూడ పోతయి. మా సేటు గూడ గప్పుడు నోరు మూసుకొని నిలవడుతడు.” బిడ్డ వైపు చూశాడు. “నా బిడ్డ పొద్దుగాల సంది గట్ల కూసున్నది. బటన్ నేను నొక్క సార్.”

“సాంచ ముచ్చట నాకెందుకయ్యా? ఏయ్ ప్రవళికా, లే!”

ప్రవళిక గొంగడిని మెడ దాకా లాక్కుంది. “లెవ్వ సార్. సాయంత్రం లేస్త.”

ఓంప్రకాశ్ మొహం కందగడ్డలా అయింది. “అయితె రేపటి సంది క్లబ్బు గేటు తొక్కద్దు. లిడియా, నువ్వు గూడ,” అని విసవిసా వెళ్ళిపోయాడు.

అంతయ్య కూర్చున్నాడు. లిడియా ఆయన వైపు చూసి, కోపంగానే, “గానాడు నేను సాంచ ముచ్చట తీస్తె నవ్వినవు గదన్నా!” అన్నది.

“గానాడు మీరు మోటరన్నరు మేడం. మోటరుకేమైతది?”

సాయంత్రం ప్రవళిక గొంగడి తండ్రి చేతిలో పెట్టి దిమ్మె ఎక్కింది. ఖోఖోలో వీపు మీద చెయ్యి పడ్డట్టు లేచింది. సగం దాకా ఆమె ముందర ఎవరూ లేరు. చివర్లో ఆదిలాబాద్ పిల్ల ఒకతె పక్క నుంచి వచ్చి, బెత్తెడు తేడాతో ముందు గోడ తాకింది. తొడ తెగకుండా, ఊపిరి తెగకుండా ఒక పిల్ల పోటీ చివరిదాకా రావడం లిడియా నిలబడి చూసింది. తాను అరుస్తున్నానని కూడా ఆమెకు తెలియలేదు.

“గెలిచిందా?” అని అంతయ్య ఆమె చెయ్యి పట్టుకొని ఊపాడు.

“రెండోది. తీసుకుంటరన్నా, ఇద్దర్ని తీసుకుంటరు!”

ఫోటో దగ్గర ఓంప్రకాశ్ ముందే నిలబడి ఉన్నాడు. “మా క్లబ్బు పిల్ల,” అని పక్కవాళ్ళకు చెప్తున్నాడు. “మేమేసిన పునాది.” ఆయన చెయ్యి భుజం మీద పడబోతుండగా ప్రవళిక కిందుగా వంగి తప్పుకొని, గొంగడి కోసం తండ్రి దగ్గరికి పరుగెత్తింది. ఫోటోలో ఆ చెయ్యి గాలి మీద ఆనించినట్టు పడింది.

సోమవారం కొలను గేటు తెరుచుకోలేదు. కాపలాదారు, “సార్ వద్దన్నడు మేడం, నాదేం లేదు,” అని తల దించుకున్నాడు. లిడియా గేటు ఊచలు పట్టుకొని లోపలి చివరి లేన్‌ను చూసింది. దానిలో ఇప్పుడు గానుగెద్దులు తిరుగుతున్నాయి. క్లబ్బుకు నోటీసు పంపిస్తానని, మాట మీద నిలబడని మనిషిని ఊరి ముందర నిలబెడతానని గట్టిగా చెప్పి, బస్సెక్కింది. కొత్తపల్లి దాటేదాకా ఆమె పిడికిళ్ళు విప్పలేదు.

బావి దగ్గర తండ్రీ బిడ్డలిద్దరూ ఎదురు చూస్తున్నారు. లిడియా ఒడ్డున నిలబడి, ఈ గోడ నుంచి ఆ గోడకు చూపుతో కొలిచింది. ఒక్క దూకు, ఒక్క దమ్ములో ఈదగలిగినంత దూరం. అంతకన్నా ఎక్కువ ఆమెకు ఏనాడూ అక్కర్లేదు.

ప్రవళిక దూకి, నీళ్ళు చీల్చుకుంటూ అవతలి రాతిని తాకి, మెట్లెక్కి వచ్చి ఎండలో గొంగడి కప్పుకుంది. అంతయ్య చెయ్యి అలవాటుగా గులకరాయి అందుకుంది. కాసేపు దాన్ని చూసి, పొలంలోకి విసిరేశాడు.

అటుగా ఎద్దులను తోలుకుపోతున్న రైతొకడు ఆగాడు. “ఏందిరా అంతయ్యా, పొల్లకు ఈత నేర్పుతున్నవా, ఎండబెడుతున్నవా?”

“కూసున్నది, కనవడ్తలేదా?” అని అంతయ్య కసిరాడు. “పోవయ్యా, ఎద్దులు చేన్ల పడుతున్నయ్!”